జూలియో నట్టా – అణువులను వరుసలో నిలిపిన రసాయనవేత్త

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఒకప్పుడు గోగుచేను లేని గ్రామము అరుదు. పైరు కోసి, కట్టలు కట్టి, చెరువునీట నానవేసి, నార యొలిచి, కడిగి, యెండబెట్టుట తరతరములుగా ఈ సీమ రైతుకు వచ్చిన పని. ఆ నార నెల్లిమర్ల, బొబ్బిలి, చిట్టివలస మిల్లులకు పోయి, గోనెసంచి రూపమున మరల రైతు కళ్లమునకే చేరుచుండెను. ధాన్యము నింపుటకైనను, అపరాలు దాచుటకైనను, వానలో తలపై కప్పుకొనుటకైనను గోనెసంచియే దిక్కు. ఇరువదియవ శతాబ్దము చివరి భాగమున దాని ప్రక్కన మరియొక సంచి వచ్చి నిలిచెను. అది తెల్లనిది, తేలికయైనది, చౌకయైనది, నీటికి నాననిది. ఎరువులు, సిమెంటు, పశువుల దాణా అందులో రాసాగెను. ఆ సంచి ఏ చేనిలోను పండినది కాదు. పెట్రోలియమును శుద్ధిచేయు కర్మాగారములలో లభించు ప్రొపిలీను అను వాయువు నుండి గాని, దాని తోబుట్టువగు ఎథిలీను అను వాయువు నుండి గాని పుట్టిన సన్నని పట్టీలను నేసి దానిని చేయుదురు.

కంటికి కనబడని వాయువు నుండి మగ్గముపై నేయదగిన పోగు ఎట్లు పుట్టెను? ఈ ప్రశ్నకు సమాధానము ఇటలీ దేశీయుడగు జూలియో నట్టా జీవితచరిత్రలో కలదు. ఒక పదార్థము దేనితో చేయబడినదో తెలిసికొనుట మాత్రమే చాలదనియు, దానిలోని భాగములు ఏ వరుసలో కూర్చబడినవో తెలిసికొని, ఆ వరుసను మానవుడు తన యిచ్ఛానుసారముగా దిద్దగలడనియు లోకమునకు చూపినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

బాల్యము – విద్య

నట్టా 1903వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన ఇటలీ దేశపు వాయవ్య సముద్రతీరమున గల పోర్టో మౌరీజియో పట్టణమున జన్మించెను. ఆ పట్టణము 1923లో పొరుగు పట్టణముతో కలిసి ఇంపీరియా యను పేర ఒకే నగరమైనది. తండ్రి పేరు ఫ్రాంచెస్కో. తల్లి పేరు ఎలీనా. ఆ వంశమున న్యాయవాదులును, న్యాయాధిపతులును పలువురుండిరి. బాలుడును ఆ త్రోవనే పోవునని బంధువులు తలచిన అందులో వింత లేదు. కాని పండ్రెండేండ్ల ప్రాయమున అతని చేతికి రసాయనశాస్త్ర గ్రంథమొకటి వచ్చెను. ఆ పుస్తకము చదివిన నాటినుండి అతని మనస్సు ఆ శాస్త్రమునందే లగ్నమయ్యెను.

జెనోవా నగరమున ఉన్నత పాఠశాల చదువు ముగించునప్పటికి నట్టాకు పదునారేండ్లు మాత్రమే. అక్కడి విశ్వవిద్యాలయమున మొదట గణితశాస్త్రమును అభ్యసించెను. పిమ్మట మిలాన్ నగరములోని సాంకేతిక విద్యాసంస్థయగు పాలిటెక్నిక్‌లో చేరి, 1924లో తన ఇరువదియొకటవ యేట రసాయన ఇంజనీరు పట్టమును పొందెను. గణితమున అలవడిన క్రమబుద్ధియు, ఇంజనీరింగున అలవడిన కార్యదృష్టియు ఆయనయందు చివరివరకు కలిసియే యుండెను. ఒక పదార్థమును గూర్చి తెలిసికొన్నంతమాత్రమున ఆయనకు తృప్తి కలుగదు. దానిని కర్మాగారమున టన్నులకొలది చేయుట ఎట్లన్నది కూడ ఆయనకు ప్రశ్నయే.

అదృశ్యమును చూచు విద్య

పట్టము పుచ్చుకొనిన వెనుక నట్టా ఆ విద్యాసంస్థలోనే యుండి ఎక్స్‌కిరణములతో పరిశోధనలు సాగించెను. వైద్యుడు విరిగిన యెముకను చూచుటకు వాడు కిరణములే యివి. వీనిని స్ఫటికము గుండ పంపినచో, ఆవలనున్న ఫలకముపై చుక్కల వరుస యేర్పడును. ఆ చుక్కల మధ్య దూరమును, వాని కాంతిని లెక్కగట్టి, స్ఫటికములోని పరమాణువులు ఎచ్చట నెచ్చట నున్నవో గ్రహింపవచ్చును. నేలపై పడిన నీడను చూచి పందిరి యే తీరున అల్లబడినదో చెప్పుటవంటిది ఈ విద్య. ఓర్పును, గణితమును రెండును దీనికి కావలెను. రెండును ఆయనకు పుష్కలముగా నుండెను.

ఆ కాలముననే ఆయన ఉత్ప్రేరకములను గూర్చియు శ్రద్ధగా పరిశోధించెను. తాను తరుగక యితర పదార్థముల కలయికను త్వరపరచు వస్తువునకు ఉత్ప్రేరకమని పేరు. వాయువుల నుండి మెథనాల్ అను ద్రవమును తయారుచేయుటలో ఏ ఉత్ప్రేరకము ఏ విధముగా పనిచేయునో ఎక్స్‌కిరణములతో పరీక్షించి, ఆ విధానమును పారిశ్రామికులకు ఉపయోగపడునట్లు చేసెను. స్ఫటికముల లోపలి అమరికను చూచుట ఒకటి, ఉత్ప్రేరకముల మర్మమెరుగుట మరియొకటి. ఈ రెండు విద్యలును ఒకనాడు ఒకేచోట అక్కరకు రానున్నవి.

1932లో నట్టా జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమునకు పోయెను. ఎలక్ట్రానుల సాయముతో పదార్థముల నిర్మాణమును చూచు క్రొత్త పద్ధతిని నేర్చుకొనుటకై చేసిన ప్రయాణమది. ఆ నగరముననే హెర్మన్ స్టౌడింగర్ అను మహాపండితుడుండెను. రబ్బరు, ప్రత్తి, పట్టు మున్నగునవి చిన్నచిన్న అణువుల ముద్దలు కావనియు, వేలకొలది చిన్న అణువులు గొలుసువలె ఒకదానికొకటి తగులుకొని యేర్పడిన బృహదణువులనియు స్టౌడింగర్ 1920 నుండి వాదించుచుండెను. ఆనాటి పెద్దలు పలువురు ఆ మాటను నమ్మలేదు. అంత పొడవైన అణువులుండుట అసంభవమనిరి. కాని కాలక్రమమున ఆయన వాదమే నిలిచెను. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఫ్రైబుర్గ్‌లో ఈ మండలితో కలిగిన పరిచయము నట్టా దృష్టిని బృహదణువులవైపు మరల్చెను.

ఇటలీకి తిరిగివచ్చిన నట్టా 1933లో పావియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1935లో రోము నగరమునకును, అటుపై ట్యూరిన్ నగరమునకును మారి, 1938లో మరల మిలాన్ పాలిటెక్నిక్‌కు పారిశ్రామిక రసాయనశాస్త్ర శాఖాధిపతిగా వచ్చెను. ఆ పీఠమునందు అంతకుముందున్న మారియో జాకొమో లేవీ అను ఆచార్యుడు యూదుడగుటచేత, ఆ సంవత్సరము ఇటలీ ప్రభుత్వము చేసిన జాతివివక్ష శాసనములవలన తొలగింపబడెను. విద్యాపీఠములను సైతము రాజ్యము కలుషితము చేసిన దుర్దినములవి. నట్టా జీవితములోని పెద్ద పదవి అట్టి కాలమున లభించెనన్నది చరిత్రలో చేరిన సత్యము.

1935లో నట్టా రొజీతా బెయాతి అను విదుషీమణిని వివాహమాడెను. ఆమె సాహిత్యమున పట్టభద్రురాలు. వారికి జుసెప్పె అను కుమారుడును, ఫ్రాంకా అను కుమార్తెయు కలిగిరి. సాహిత్యము చదివిన యిల్లాలు రసాయనశాస్త్రమునకు చేసిన సాయము ముందు తెలియును.

మిలాన్ చేరిన తరువాత నట్టా కృత్రిమ రబ్బరు తయారీపై పనిచేసెను. రబ్బరుచెట్లు లేని దేశమునకు యుద్ధకాలమున రబ్బరు దొరకుట దుర్లభము. అందుకు కావలసిన బ్యుటడయీను అను వాయువును, దానితో కలిసియుండు యితర వాయువులనుండి వేరుచేయు పద్ధతిని ఆయన కనుగొనెను. యుద్ధము ముగిసిన పిదప 1947లో అమెరికాకు పోయి, పెట్రోలియము నుండి అసంఖ్యాకములగు వస్తువులను తీయు పరిశ్రమలను చూచెను. ఇటలీలో పెద్దదగు మోంటెకాటీని అను రసాయన కంపెనీ ఆయనకు తోడ్పాటుగా నిలిచెను. విద్యాలయములోని ఆచార్యుడును, ధనవంతమగు పరిశ్రమయు ఒకే గమ్యమునకు చేయి కలుపుట ఆ దేశమున ఆనాటికి క్రొత్త.

జీగ్లర్ చూపిన త్రోవ

ఎథిలీను అను వాయువును బృహదణువుగా కూర్చి పాలిథీను చేయుట 1933లోనే ఇంగ్లండులో సాధ్యపడెను. కాని అందుకు వేయి వాతావరణములకు మించిన పీడనము అవసరము. అంతటి ఒత్తిడికి తాళు పాత్రలు నిర్మించుట వ్యయప్రయాసలతో కూడిన పని. పైగా ఆ విధమున పుట్టిన గొలుసులు ముండ్లకంపవలె కొమ్మలు కొమ్మలుగా నుండుటచే పదార్థము మెత్తనై యుండెడిది.

జర్మనీలోని ముల్‌హైం నగరమున బొగ్గు పరిశోధనాలయమునకు అధిపతిగా కార్ల్ జీగ్లర్ అను రసాయనవేత్త యుండెను. అల్యూమినియముతో కూడిన కొన్ని సమ్మేళనములు ఎథిలీను అణువులను ఒక్కొక్కటిగా చేర్చుకొని పెరుగునని ఆయన కనుగొనెను. 1952లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జీగ్లర్ చేసిన ఉపన్యాసమును నట్టా వినెను. విన్నంతనే దాని విలువను గ్రహించి, జీగ్లర్‌తో ఒడంబడిక చేసికొనవలసినదని మోంటెకాటీని కంపెనీకి సలహా యిచ్చెను. ఒడంబడిక కుదిరెను. ఇటలీ నుండి యువ రసాయనవేత్తలు కొందరు ముల్‌హైం పోయి అచటి పని నేర్చుకొనిరి.

ఇంతలో జీగ్లర్ పరిశోధనాలయమున ఒక వింత జరిగెను. ఒక ప్రయోగమున గొలుసు పెరుగవలసినది పెరుగక మొదటిలోనే ఆగిపోయెను. కారణము వెదకగా, పాత్రలో మిగిలియున్న నికెలు లోహపు అణుమాత్రము దానికి హేతువని తేలెను. ఒక లోహము చెరచగలిగినచో మరియొక లోహము మేలు చేయవచ్చును గదా యని వారు లోహములను వరుసగా పరీక్షింపసాగిరి. 1953 చివర టైటానియము సమ్మేళనము, అల్యూమినియము సమ్మేళనము కలిసినప్పుడు ఎథిలీను సాధారణ పీడనమునందే పాలిథీనుగా మారుట కనుగొనిరి. ఈ గొలుసులకు కొమ్మలు లేవు. పదార్థము గట్టిది, వేడికి ఎక్కువ తాళునది. చెడిన ప్రయోగమును పారవేయక, చెడుటకు కారణము వెదకినందున లభించిన ఫలమిది.

1954 మార్చి 11

ఒడంబడిక ననుసరించి ఈ వార్త నట్టాకు చేరెను. ఆయన దృష్టి ఎథిలీనుపై గాక, ప్రొపిలీనుపై పడెను. ప్రొపిలీను అప్పటికి చౌకగా, సమృద్ధిగా లభించు వాయువు. దానినుండి అంతకుముందు చేసిన పదార్థములన్నియు జిగటనూనెలుగనో, పనికిరాని మెత్తని ముద్దలుగనో ఉండుచుండెను. ఆయన శిష్యులు జీగ్లర్ ఉత్ప్రేరకముతో ప్రొపిలీనును పరీక్షించిరి. 1954 మార్చి 11వ తేదీన నట్టా తన దినచర్య పుస్తకమున పాలిప్రొపిలీను తయారైనట్లు క్లుప్తముగా వ్రాసికొనెను.

వచ్చిన ముద్ద చూచుటకు మెత్తగనే యుండెను. మరియొకడైనచో ఇదియు పాతదే యని ఊరకుండెడివాడు. కాని నట్టా సహాయకులు దానిని వేర్వేరు ద్రవములలో కాచి, కరగు భాగములను ఒకటి వెనుక నొకటి తీసివేసిరి. చివరకు ఏ ద్రవమునను సులభముగా కరగని తెల్లని పొడి మిగిలెను. అది సుమారు 165 డిగ్రీల సెంటిగ్రేడు వేడివరకు కరగలేదు. దానిని ఎక్స్‌కిరణములకు చూపగా స్ఫటికములందు మాత్రమే కనబడు స్పష్టమగు చుక్కలు కనబడెను. పావొలో కొర్రదీని అను యువ శాస్త్రజ్ఞుడు ఆ చుక్కలను లెక్కగట్టి, గొలుసులోని అమరికను తేల్చెను. నట్టా ముప్పదియేండ్లుగా అభ్యసించిన విద్య ఆ దినములలో ఫలించెను.

మూడు విధముల వరుసలు

ప్రొపిలీను అణువున మూడు కర్బన పరమాణువులుండును. గొలుసు కూర్చునప్పుడు రెండు మాత్రమే గొలుసులో చేరును. మూడవది ప్రక్కకు చిన్న కొమ్మవలె నిలుచును. గొలుసును చాపి చూచినచో ఆ కొమ్మ ఇటువైపున నుండవచ్చును, అటువైపున నుండవచ్చును. ఇక్కడనే రహస్యమంతయు కలదు.

ఇల్లాలు కనకాంబరముల మాల కట్టుట అందరెరిగినదే. పూవులన్నియు ఒకేవైపు మొగము పెట్టి కట్టిన మాల ఒక తీరు. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి కట్టిన మాల రెండవ తీరు. చేతికి వచ్చినట్లు కట్టిన మాల మూడవ తీరు. మూడింటను పూవులవే, దారమదే. అందము మాత్రము వేరు. ప్రొపిలీను గొలుసులయందును ఈ మూడు తీరులు కలవు. కొమ్మలు అడ్డదిడ్డముగా నున్న గొలుసులు ఒకదానిప్రక్క నొకటి ఒదుగవు. అందుచే పదార్థము జిగటముద్దగా నుండును. కొమ్మలన్నియు ఒకేవైపున నున్న గొలుసు తనంతట తాను మెలితిరిగి, మూడేసి భాగములకు ఒక చుట్టు చొప్పున పురిపెట్టిన త్రాడువలె నగును. అట్టి గొలుసులు ఒద్దికగా ఒకదానికొకటి చేరి స్ఫటికములగును. చిక్కుపడిన గోగునారకును, దువ్వి పురిపెట్టిన గోగునారకును బలములో గల భేదమెట్టిదో ఈ రెండింటికిని గల భేదమట్టిది.

ఈ వరుసలకు పేర్లు పెట్టవలసివచ్చినప్పుడు రొజీతా సాహిత్య పాండిత్యము అక్కరకు వచ్చెను. గ్రీకు భాషాపదముల నాధారము చేసికొని ఒకే వరుసకు ఐసోటాక్టిక్ అనియు, మార్చి మార్చి వచ్చు వరుసకు సిండియోటాక్టిక్ అనియు, వరుస లేనిదానికి అటాక్టిక్ అనియు ఆమె సూచించిన పేర్లు నేటికిని ప్రపంచమంతట రసాయనశాస్త్ర గ్రంథములందు వాడుకలో నున్నవి.

ఈ వరుస ఎట్లు కుదిరెనన్న ప్రశ్నకును నట్టా సమాధానము వెదకెను. ఉత్ప్రేరకమే ఇక్కడ మాలాకారుడు. ఘనరూపమున నున్న టైటానియము సమ్మేళనపు స్ఫటికముపై చోటు ఒక ప్రత్యేకమగు ఆకారమున నుండును. వచ్చి చేరు ప్రతి ప్రొపిలీను అణువును ఆ చోటున ఒకేవిధముగా తిరిగి కూర్చుండవలసివచ్చును. ఉత్ప్రేరకపు స్ఫటికమును మార్చినచో గొలుసులోని వరుసయు మారును. ఈ సూత్రమును పట్టుకొని ఆయన బృందము క్రమము తప్పని గొలుసుల పాలును క్రమముగా పెంచగలిగెను. రబ్బరుచెట్టును, ప్రత్తిచెట్టును, పట్టుపురుగును తమలోని సహజశక్తిచే బృహదణువులను క్రమముతో అల్లుచుండును. ఆ క్రమమును ప్రయోగశాలలో మానవుడు సాధింపగలడని 1954 వరకు నమ్మినవారు మిక్కిలి అరుదు.

1955 ఆరంభమున అమెరికా రసాయనశాస్త్ర సంఘపు పత్రికలో ఈ పరిశోధన ప్రకటింపబడెను. పాలిస్టయిరీను మొదలగు మరికొన్ని పదార్థములకును ఈ వరుసలను కూర్చవచ్చునని ఆ బృందము చూపెను. బ్యుటడయీనును క్రమముతో కూర్చి చక్కని రబ్బరును చేసిరి. ఎథిలీను, ప్రొపిలీను రెండింటిని కలిపి మరియొక రబ్బరును చేసిరి. నట్టా పేర ప్రకటింపబడిన శాస్త్రవ్యాసములు వందల సంఖ్యలో కలవు.

ప్రయోగశాల నుండి పరిశ్రమకు

1957లో ఇటలీలోని ఫెర్రారా నగరమున మోంటెకాటీని కంపెనీ పాలిప్రొపిలీను కర్మాగారమును ప్రారంభించెను. పరీక్షానాళికలో పుట్టిన పదార్థము మూడేండ్లలో కర్మాగారమునకు చేరుట పరిశ్రమల చరిత్రలో అరుదు. మోప్లెన్ అను పేర బకెట్లు, గిన్నెలు, తొట్లు ఇటలీ గృహముల కెల్ల చేరెను. యుద్ధముచే చితికిన ఆ దేశమున సామాన్య గృహిణికి నీటిబిందె మోయుట తేలికయగుట చిన్న విషయము కాదు.

పాలిప్రొపిలీను నీటికంటె తేలిక. మరుగునీటికి మెత్తబడదు. మడతపెట్టి విప్పినను త్వరగా విరుగదు. ఈ గుణములవలన అది లోకమంతట వ్యాపించెను. వైద్యుని సూదిగొట్టము, ప్రయోగశాలలోని సీసా, విద్యార్థి కుర్చీ, మోటారు బండిలోని భాగములు, ముఖమునకు కట్టుకొను వైద్యుల ముసుగు — వీనిలో అనేకములు దీనితో చేయబడుచున్నవి. బారువ మొదలు కళింగపట్నము వరకు గల తీరమున బెస్తవాడు వాడు త్రాళ్లలోను ఇది చేరెను. కొబ్బరిపీచు త్రాడు నీట తడిసి బరువెక్కును. ఈ త్రాడు నీటిపై తేలును.

మైత్రి – వివాదము

ఇంత గొప్ప విషయమునందు ఒక విచారకరమగు అంశమును కలదు. ప్రొపిలీనుపై నట్టా సాధించిన విజయము జీగ్లర్‌కు వెంటనే తెలియలేదు. నట్టా పక్షమువారు 1954 జూన్ 8వ తేదీన ఇటలీలో పేటెంటు హక్కునకై దరఖాస్తు పెట్టిరి. జీగ్లర్ తన ప్రయోగశాలలో స్వతంత్రముగా పాలిప్రొపిలీనును సాధించి ఆగస్టు 3వ తేదీన దరఖాస్తు పెట్టెను. తాను కనిపెట్టిన ఉత్ప్రేరకముతో, తనతో ఒడంబడిక గలవారే తనకు చెప్పక ముందుకు పోయిరని జీగ్లర్ మిక్కిలి నొచ్చుకొనెను. ఇద్దరి మైత్రియు దెబ్బతినెను. వారి పేర్లు రెండును జీగ్లర్–నట్టా ఉత్ప్రేరకములని ఒకే మాటగా శాస్త్రగ్రంథములకు ఎక్కినను, మనస్సులు మునుపటివలె కలియుటకు చాలకాలము పట్టెను.

ఈ వివాదమునకు మరియొక ముగింపు కలదు. అమెరికాలోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అను ఇద్దరు వేరొక ఉత్ప్రేరకముతో 1951లోనే స్ఫటికరూపమగు పాలిప్రొపిలీనును చేసియుండిరి. ఆ దేశమున పలు కంపెనీల మధ్య వ్యాజ్యము ఏండ్ల తరబడి నడిచి, చివరకు 1983లో పేటెంటు ఆ కంపెనీకే దక్కెను. అప్పటికి జీగ్లర్, నట్టా ఇరువురును కాలధర్మము చెందియుండిరి. శాస్త్రమున ఒక ఫలము పండు కాలము వచ్చినప్పుడు పలుచోట్ల పలువురి చేతికి అందును. దానిని ముందు కోసినవాడెవ్వడన్న తీర్పు న్యాయస్థానమునది. కొమ్మల వరుసను చూచి, దానికి కారణము చెప్పి, దానిని దిద్దు మార్గము చూపిన కీర్తి మాత్రము నట్టాదే యని శాస్త్రలోకము అంగీకరించినది.

వ్యాధి – సన్మానము – నిర్యాణము

విజయము శిఖరమున నున్న దినములలోనే నట్టాను కష్టము వెదకికొనుచు వచ్చెను. 1956లో ఆయనకు పార్కిన్సన్ వ్యాధి సోకినట్లు తేలెను. క్రమముగా చేతులు వణకును, నడక మందగించును, మాట తడబడును. బుద్ధి నిర్మలముగా నుండగనే శరీరము మాట వినకపోవును. పర్వతములందు నడచుటయన్న మిక్కిలి ప్రీతిగల ఆయనకు ఇది యెట్టి శిక్షయో యూహింపవచ్చును. అయినను పరిశోధన మానలేదు. శిష్యులకు ప్రతిదినమును పని చూపుచు, వారి ఫలితములను పరీక్షించుచు, వ్యాసములు దిద్దుచు నుండెను.

1963లో రసాయనశాస్త్రమునకు నోబెల్ బహుమానమును జీగ్లర్, నట్టా ఇరువురికిని కలిపి యిచ్చిరి. డిసెంబరు 10వ తేదీన స్వీడన్ దేశపు రాజధానియగు స్టాక్‌హోం నగరమున ఉత్సవము జరిగెను. వ్యాధి ముదిరియున్నందున నట్టా తనంతట తాను నిలువజాలకపోయెను. కుమారుడును, సహచరులును ఆసరా యిచ్చి ఆయనచే ఆనాటి కార్యములు నెరవేరునట్లు చేసిరి. అణువులను పడిపోకుండ వరుసలో నిలిపిన చేతులను ఆ దినమున ఇతరులు పట్టుకొని నిలుపవలసివచ్చెను. విజ్ఞానశాస్త్రమున ఇటలీకి అది గర్వకారణమగు దినము.

1968లో రొజీతా మరణించెను. ముప్పదియేండ్లకు మించిన సహధర్మచారిణి యెడబాటు ఆయనకు తీరని లోటయ్యెను. 1973లో జీగ్లర్ గతించెను. 1979 మే 2వ తేదీన బెర్గామో నగరమున జూలియో నట్టా తన డెబ్బదియారవ యేట పరమపదించెను.

ఆయన సృష్టి – లోకపు ఖాతా

మహనీయుల కృషిని కొలుచునప్పుడు లాభనష్టములు రెండును చూడవలెను. ఉత్తరాంధ్ర రైతుకు ఈ క్రొత్త సంచి ఒక చేత మేలు చేసి, మరియొక చేత కీడు చేసెను. ఎరువు తడియక ఇంటికి వచ్చుట మేలు. గోగునారకు గిరాకి తగ్గి, చేలు తగ్గి, మిల్లుకూలికి పని తగ్గుట కీడు. నార ధరల పతనమునకు, మిల్లుల కష్టములకు కారణములు పెక్కులున్నను, చౌకసంచి పోటీ వానిలో ముఖ్యమైనది. దీనిని గుర్తించియే భారత ప్రభుత్వము 1987లో చట్టము చేసి, ఆహారధాన్యములను, పంచదారను జనపనార సంచులలో నింపవలెనని నియమము పెట్టెను. గోగునారకు మిగిలిన ఆసరాలో ఆ చట్టమొకటి.

మరియొక విషయము. గోనెసంచి చినిగి పెంటకుప్పను చేరినచో రెండుమూడు వానలకు మట్టిలో మట్టియగును. పాలిప్రొపిలీను సంచి మట్టిలో కుళ్లదు. ఎండకు పొడిపొడిగా రాలి, ఆ ముక్కలు నేలలోను, కాలువలలోను, సముద్రములోను నిలిచిపోవును. ఏ బలమునకై నట్టా గొలుసులను అంత ఒద్దికగా అల్లెనో, ఆ బలమే నేడు తీయలేని చెత్తగా మారినది. దోషము ఆ పదార్థమునది కాదు. ఏండ్లతరబడి నిలుచు వస్తువును ఒక్కపూట వాడి పారవేయు అలవాటుది. త్రాడుగా, కుర్చీగా, వైద్యుని పరికరముగా దానిని వాడుకొనుట వివేకము. గట్టుపై పారవేయుట అవివేకము. ఆ గొలుసును తిరిగి విడదీయు మార్గమును, వాడిన పిదప మట్టిలో కలియు క్రొత్త గొలుసును వెదకుట నేటి శాస్త్రజ్ఞుల ముందున్న పని. అందుకును నట్టా చూపిన సూత్రమే దారి: నిర్మాణమును చూడవలెను, వరుసను తెలిసికొనవలెను, పిమ్మట దానిని దిద్దవలెను.

నట్టా చరిత్రమున యువకులు గ్రహింపదగినవి మూడు కలవు. గణితము, రసాయనము, ఇంజనీరింగు అని విడివిడిగా నేర్చిన విద్యలు ఏదో యొకనాడు ఒక్క పనికి కూడివచ్చును. ఏ విద్యయు వృథాపోదు. ఒకరు చెప్పిన మాటను శ్రద్ధతో వినువాడు, ఆ మాటలో చెప్పువాడు సైతము చూడనిదానిని చూడవచ్చును. అయితే మార్గము చూపినవానికి దక్కవలసిన మర్యాదను సకాలమున దక్కించుటయు ధర్మమే. మెత్తని ముద్దను పారవేయక, కాచి వడగట్టి అడుగున మిగిలిన పొడిని పరీక్షించిన ఓర్పు అన్నిటికంటె మిన్న.

పండ్రెండేండ్ల బాలుని చేతికి వచ్చిన ఒక్క పుస్తకము ఇంతటి జీవితమునకు బీజమయ్యెను. గ్రామ గ్రంథాలయములోని బీరువాలలో అట్టి బీజములు వరుసగా నిలిచియున్నవి. వానిని తీసి చదువు చేతులే కావలెను.